పేర్ల వరుస

"గడియ తీయి సౌందర్యా. కింద జనం కూసున్నరు."

భానుప్రకాశ్ తలుపును వేలి కణుపుతోనే కొట్టాడు. అరచేత్తో బాదితే కింద క్లినిక్ దాకా వినిపిస్తుందని భయం. పరువున్న ఇళ్ళలో పోట్లాటలు ఇలాగే చప్పుడు లేకుండా జరుగుతాయి.

లోపల కాగితాలు తిరగేస్తున్న చప్పుడు.

ఆదివారం కూడా రోగులను చూసే డాక్టరమ్మ అని గద్వాల చుట్టుపక్కల ఊళ్ళలో సౌందర్యకు పేరు. ఆ పేరు విని పొద్దున్నే ఐజ నుంచి, రాజోలి నుంచి బస్సులెక్కి వచ్చారు జనం. క్లినిక్ షట్టరు సగం దాకా లేచి ఆగిపోయింది. డాక్టరమ్మ మేడ మీది మందుల గదిలో గడియ వేసుకుని కూర్చుంది. హైదరాబాదు ల్యాబులో పనిచేసే భర్త బండి దిగి వచ్చి గుమ్మంలో చెప్పులు విడిచాడో లేదో, ఆమె లేచి అందులోకి పోయింది.

అతని తల్లి నాగేంద్రమ్మ మరమరాల ఉగ్గాని ప్లేటు పట్టుకుని కొడుకు వెనకాలే నిలబడింది.

"ముందుగాల తిను నాయినా. సల్లగయితుంది."

"అమ్మా, జర ఆగు."

"నేను ఆగుతనే. కిందున్నోళ్లు ఆగాలె గదా. ఒక పిల్లయితే కొంగు ముసుగేసుకొని స్తంభానికి ఒరిగింది. కూసోనీకె గూడ శాతనయితలేదు."

ఆ మాట ఎవరి చెవికీ ఎక్కలేదు. తలుపుకు అటు పక్క ఉన్నామెకూ ఇటు పక్క ఉన్నతనికీ అప్పుడు లోకమంతా ఒక కాగితమే, దాని నెత్తిన అచ్చయిన పేర్లే.

గడియ తీసిన చప్పుడయింది. సౌందర్య గుమ్మంలోకి వచ్చింది. ఏడవకూడదని పట్టుబట్టిన మొహం. చేతిలో టైపు చేసిన కాగితాల బొత్తి.

"పేపరు రేపు పంపిస్తున్నవా?" అంది.

"జర్నలుకు రేపే పంపాలె. ఢిల్లీల ప్రొఫెసర్ పోస్టు ఇంటర్వ్యూల దీని గురించే అడిగిండ్రు. పంపిన అని రాసియ్యాలె."

"ఎవరి పేర్లతోని?"

"మంగళవారం పోస్టుల పంపితే చూసినవ్ గదా."

"చూసిన. నీ నోటితోని వినాలె నేను."

మెడికల్ కాలేజీలో ఇద్దరూ ఒకే బ్యాచ్. అప్పుడు నువ్వు అనే పిలిచేది. పెళ్ళయ్యాక అత్తగారి ముందు మీరు అనడం నేర్చుకుంది. ఈ పూట ఆ నేర్చుకున్నదంతా ఎటో పోయింది. నాగేంద్రమ్మ గమనించింది గానీ పైకి అనలేదు.

"మొదలు నాది," అన్నాడు భానుప్రకాశ్. "తర్వాత హెప్సిబాది. తర్వాత ల్యాబు పిల్లలు ఇద్దరివి."

"నాది?"

"ఆఖర్న ఉంది గదా. కృతజ్ఞతలల్ల."

సౌందర్య చివరి కాగితం తీసి చదివింది. ఇంగ్లీషులో ఉన్నదాన్ని అత్తగారికి అర్థమయ్యేలా తెలుగు చేసి మరీ చదివింది. "గద్వాలకు చెందిన డాక్టర్ సౌందర్య ఓపికగా సహకరించినందుకు ధన్యవాదాలు. ఓపికగా! చూసినవా అత్తమ్మా?"

"ఓపికున్నదని రాసిండా? మంచిదే గదనే," అంది నాగేంద్రమ్మ.

నవ్వొచ్చే మాటే. ఎవరూ నవ్వలేదు.

ఆ పేపరులో ఉన్నదంతా సౌందర్య ముందు చూసి, తర్వాత లోకం చూడబోతున్న సంగతి. వానాకాలం నడుమ నుంచి దసరా దాటే దాకా ఇక్కడి ఆడవాళ్ళకు విత్తనాల కోసం వేసే సీడు పత్తిలో క్రాసింగ్ పని. సాయంత్రం మొగ్గను ఒలిచి పెడతారు, మర్నాడు ఎండెక్కుతుంటే మగపువ్వు తెచ్చి దానికి రుద్దుతారు. వంగిన నడుం ఎత్తకుండా పొద్దంతా ఎండలోనే. ఆ నెలల్లోనే కొందరు జ్వరంతో, కీళ్ళ నొప్పులతో, ముక్కుకు రెండు పక్కలా ఎర్రగా పొంగిన చెంపలతో ఆమె దగ్గరికి వచ్చేవారు. పని ముగిశాక తగ్గుముఖం పట్టేది. మరుసటి ఏడు చేలు పూతకొస్తే మళ్ళీ మొదలు. దాని పేరు లూపస్. ఒంటిని కాపాడాల్సిన శక్తే ఒంటి మీద తిరగబడే జబ్బు. ఎండ తగిలితే మరీ రేగుతుంది.

"నేను మొదటిసారి ఫోను జేసి జెప్పిననాడు ఏమన్నవ్?" అంది సౌందర్య. "ఎండకు కమిలిందిలే అన్నవ్."

"అన్న."

"క్రాసింగ్ అంటే ఏందో తెల్వదు నీకు. చేనుకు తీస్కపోయి చూపెట్టింది నేను."

"అదీ నిజమే."

"మరి?"

భానుప్రకాశ్‌కు ఓపిక అయిపోయింది. "మరి పరీక్షలు జేసింది ఎవరు? లెక్కలు కట్టింది ఎవరు? రక్తం తీసి, ఐసు డబ్బల పెట్టి, రైలెక్కిస్తే పరిశోధన అయితదా సౌందర్యా?"

నాగేంద్రమ్మ ఉగ్గాని ప్లేటును కిటికీలో పెట్టేసింది. ఇక ఈ పూట ఎవరూ తినరని ఆమెకు అర్థమైంది.

ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. ఎందుకంటే సౌందర్య కూడా రోజూ అదే అనుకుంటోంది. తను రైలెక్కిస్తుంది, అక్కడ ఆ హెప్సిబా దింపుకుంటుంది.

అసూయకు డాక్టరు చదువేమీ అడ్డం రాదు. హెప్సిబా నాగర్‌కర్నూలు పిల్ల, భానుప్రకాశ్ ల్యాబులో పరిశోధకురాలు. సౌందర్యకు ఆమె అంటే కుళ్ళు. ఆ సంగతి సౌందర్యకు బాగా తెలుసు. ఆ పిల్ల పొద్దంతా అతని ఎదురుగా కూర్చుంటుంది. తను నెలకు రెండు ఆదివారాలు చూసే మనిషిని ఆమె రోజూ చూస్తుంది. పోనీ అతనొక్కడేనా? చేలల్లో ఆడవాళ్ళు కూడా ఆమెకే మరిగారు. ఆర్నెల్ల కిందట రాజోలికి వచ్చి నాలుగు రోజులుండి, చర్చిలో వాళ్ళతో కలిసి పాట పాడి పోయింది. అప్పటి నుంచీ ప్రతి పేషెంటూ "హెప్సిబమ్మ మల్లెప్పుడొస్తది?" అని సౌందర్యనే అడగడం.

అది చాలదన్నట్టు పూజ అరలో ఇంకో కాగితం. కొడుకు ఇన్నేళ్ళలో అచ్చేయించిన పరిశోధనా పత్రాల పట్టిక అది. అన్నీ లూపస్ మీదా, దానికి చుట్టాలైన జబ్బుల మీదా రాసినవి. నాగేంద్రమ్మకు అందులో ఒక్క అక్షరం రాదు. అయినా గ్రామదేవత జమ్ములమ్మ పటం పక్కన నిలబెట్టి, పసుపు కుంకుమ పెట్టి, వచ్చిన చుట్టాలకల్లా చూపిస్తుంది. దీపం పెట్టేటప్పుడు సౌందర్యకు అందులో కనిపించేది ఒక్కటే. ఏ వరస చూసినా మొగుడి పేరు పక్కన ఆ పిల్ల పేరు. తన పేరు అతని పక్కన అచ్చయింది పెళ్ళి పత్రికలోనే.

ఈ ఒక్క పేపరులోనైనా తన పేరుంటుందని ఆమె నమ్మింది. ఉంటే మొదటే ఉండాలి. ఇలాంటి రాతల్లో మొదటి పేరే జనానికి గుర్తుంటుంది, వెనకవాళ్ళంతా 'మరికొందరు'లో కలిసిపోతారు. తను ఆ మరికొందరిలో కూడా లేదు.

"నీకు ఆ పిల్ల మీద కోపం," అన్నాడు భానుప్రకాశ్.

"కోపం కాదు. కుళ్ళు. చెప్పనీకె నాకేం సిగ్గు లేదు."

"ఇద్దరం పనే చేసుకుంటున్నం సౌందర్యా. నువ్వు అనుకునేదేం లేదు."

"నేనేం అనుకుంటున్ననో నీకెట్ల తెలుసు? నువ్వు దాన్ని పట్టుకుంటే బాధ లేదు నాకు. నా పనిని తీస్కపోయి దాని చేతుల పెట్టినవ్. అదే నాకు మంట."

నాగేంద్రమ్మకు ఆ మాటలు సగమే అర్థమయ్యాయి. అర్థమైన సగానికే భయం వేసింది. నడుమ ఏదో ఒకటి అనాలని అంది.

"గా పిల్ల ఫోన్ల మీద ఫోన్లు జేస్తుంది నాయినా. బుధారం సంది. ఇంట్ల లేదని చెప్పుమంటది ఈమె. అబద్ధాలు జెప్పి జెప్పి నేను పరేషానయిన."

భానుప్రకాశ్ భార్య వైపు తిరిగాడు. "ఎందుకు ఎత్తలేదు?"

"ఏం వినాలె? సారీ మేడం అంటది. నాకొద్దు దాని సారీ."

సరిగ్గా అప్పుడే హాల్లో ఫోను మోగింది.

ముగ్గురూ దాని వంకే చూశారు. నాగేంద్రమ్మ అలవాటు కొద్దీ పోయి ఎత్తింది. "డాక్టరమ్మ లేదు బిడ్డా, ఊరికి పోయి..."

భానుప్రకాశ్ తల్లి చేతిలోంచి రిసీవరు తీసుకున్నాడు. "చెప్పు హెప్సిబా."

ఆ పేరు పలికేటప్పుడు అతని గొంతు మెత్తబడింది. ఇప్పటిదాకా ఈ ఇంట్లో ఎవరితోనూ అంత మెత్తగా మాట్లాడలేదతను. సౌందర్య ఒళ్ళు భగ్గుమంది.

"నేనే. పొద్దుగాల వచ్చిన... ఏంది? నాకు చెప్పు, ఏం కాదు... నాకు గూడ చెప్పవా?"

అతను వింతగా చూసి రిసీవరు ముందుకు చాపాడు. "నాకు చెప్పదంట. నీకే చెప్తదంట."

సౌందర్య కదల్లేదు. అతను చాపిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు. చివరికి ఆమే పోయి తీసుకుంది.

"వందనాలు మేడం," అంది హెప్సిబా. "సారమ్మ రిపోర్టు గురించి మేడం. రాజోలి సారమ్మ. మూత్రంల ప్రొటీను మస్తు పోతుంది. రక్తం రిపోర్టు గూడ బాగ లేదు. జబ్బు కిడ్నీలకు ఎక్కింది. జల్ది దవాఖానల చేర్పియ్యాలె."

"ఎప్పుడొచ్చింది రిపోర్టు?"

"బుధవారం మేడం. గప్పటి సంది చేస్తనే ఉన్న."

"సార్‌కు చెప్పకపోయినవా?" అరిచినట్టే అడిగింది సౌందర్య.

"మీరే అన్నరు గదా మేడం. మా పేషెంట్ల సంగతి మొదలు నాకే చెప్పాలె, సార్‌కు గూడ నా తర్వాతనే అని. పని మొదలు పెట్టిననాడే ఒట్టు వేయించుకున్నరు. ఎట్లయినా ఈ పొద్దు ఎత్తుతరనుకున్న. ఎత్తకపోతే ఇగ నేనే బండెక్కి వద్దామనుకున్న."

అవును, అన్నది. తన పేషెంట్లు తనవాళ్ళే అని ఆ పిల్లకు తెలియాలని అన్నది. ఆ షరతులో వైద్యం కొంచెమే, అసూయ ఎక్కువ.

శుక్రవారం సారమ్మ వచ్చింది. పాదాలు ఉబ్బి ఉన్నాయి. "రిపోర్టొచ్చిందా అమ్మా?" అని అడిగింది. "రాలేదు," అంది సౌందర్య. పూర్తి అబద్ధం కాదు. ఫోను ఎత్తలేదు గనుక రాలేదు. మామూలుగా అయితే అలాంటి కాళ్ళు చూడగానే మూత్రం పట్టించి, గాజు గొట్టంలో పోసి దీపం సెగ మీద కాచి చూసేది. ప్రొటీను ఉంటే తెల్లగా విరిగిపోతుంది, అక్కడికక్కడే తెలుస్తుంది. ఆ పూట ఆ పని చెయ్యలేదు. పేపరు ఎవరిదో వాళ్ళే చూసుకోనీ అనుకుంది. అనుకున్న మాట ఇప్పుడు గుర్తొచ్చింది.

తప్పు తనదని తెలిసినప్పుడే మనిషికి ఎదుటివాళ్ళ మీద ఎక్కువ కోపం వస్తుంది.

"ఇది గూడ రాసుకుంటవా హెప్సిబా, పేపర్ల?"



"మేడం, పేపరు రాసింది నేనే," అంది హెప్సిబా మెల్లగా. "రాసిననాడు మొదటి పేరు మీదే పెట్టిన. రెండోది నాది, సార్‌ది ఆఖర్న. టైపయ్యి వచ్చినంక చూస్తే మీ పేరు లేదు. అడిగిన. నీకెందుకు అన్నరు."

"ఎవరు?"

హెప్సిబా మాట మార్చింది. "సారమ్మను ఈ పొద్దే పంపియ్యుండ్రి మేడం. బెడ్డు సంగతి నేను చూస్త. ఆమె చిన్నది మేడం, ఇంకా పిల్లలు గూడ కాలేదు."

సౌందర్య ఫోను పెట్టేసింది. భర్త వైపు చూసింది. అతను కిటికీలోని ప్లేటు వైపు చూస్తున్నాడు.

"నా పేరు ఎందుకు కొట్టేసినవ్?"

"ఢిల్లీ కమిటీ వాళ్ళు నవ్వుతరు సౌందర్యా. పెళ్ళాం పేరు గూడ ఇరికిచ్చిండు అంటరు. చానమంది చేసే పనే అది, అందుకే..."

"ఇరికిస్తే ఆఖర్న ఇరికిస్తరు. మొదట పెట్టరు. నిజం చెప్పు."

నాగేంద్రమ్మ కొడుకు మొహంలోకి చూసింది. చిన్నప్పుడు పలక పగలగొట్టి వచ్చిన రోజు కూడా వాడు ఇలాగే నిలబడ్డాడు.

"మొదటి పేరు నీదైతే," అన్నాడు అతను, "చదివినోళ్ళందరు ఇది నీదే అంటరు."

"నాది కాదా?"

"నీదే. అందుకే తీసిన."

అతను పూజ అర వైపు చూశాడు.

"ఇన్నేండ్లు ల్యాబుల కూసున్న," అన్నాడు. ఇప్పుడు అతని గొంతు అతనిది కానట్టుంది. "అన్ని పేపర్లు అచ్చయినయ్. అమ్మ దేవుని దగ్గర పెట్టుకున్నది. అండ్ల ఒక్కటి గూడ నేను కొత్తగ చూసింది లేదు. ఎవరో చూసినదాన్ని మల్ల చూసి, లెక్క సరిపోయింది అని రాసుడే. నువ్వేమో ఈ షట్టరు కింద కూసోని, బీపీ చూసుకుంట, అందరి కంటే ముందు చూసినవ్. కాలేజీల గూడ గంతే. గోల్డ్ మెడలు నీకొచ్చింది. నేను మిఠాయి పంచిన. గుర్తుందా?"

గుర్తుంది. భర్త కాబోయేవాడు తన బంగారు పతకానికి హాస్టలంతా మిఠాయి పంచాడని ఆమె ఇన్నేళ్ళూ అందరికీ చెప్పుకుంది. మురిసిపోయి చెప్పుకుంది. ఇన్నాళ్ళూ తను హెప్సిబా పేరు చూసి కుమిలిపోతుంటే, తన పేరు చూసి కుమిలిపోయే మనిషి తన పక్కనే పడుకుని ఉన్నాడు. అతని మీద జాలి పడాలో అసహ్యించుకోవాలో ఆమెకు తెలియలేదు. రెండూ కలిగాయి.

"మల్ల టైపు చేయిస్తవా?" అంది. "నా పేరు మొదట పెట్టి పంపుతవా?"

అతను కిటికీలోని ప్లేటును కొంచెం పక్కకు జరిపాడు.

"సరే. అది తర్వాత." ఆమె చీర కొంగు నడుముకు దోపుకుంది. "అత్తమ్మా, జీపు మాట్లాడుండ్రి. రాజోలి పోవాలె. సారమ్మను పట్టుకొని అటు నుంచి అటే హైదరాబాద్ తీస్కపోత."

కాగితాల బొత్తి చేతిలోనే ఉందన్న సంగతి కూడా మరిచిపోయి మెట్లు దిగింది. వెనకాల భానుప్రకాశ్ దిగాడు.

షట్టరు పైకి లేపగానే జనం లేచి నిలబడ్డారు. ఒక్క మనిషి లేవలేదు. స్తంభానికి ఒరిగి, కొంగు ముసుగు కప్పుకున్న పిల్ల. ఆమె పక్కన చేతిలో సంచితో నిలబడ్డవాడిని సౌందర్య గుర్తుపట్టింది. నాగన్న. సారమ్మ మొగుడు.

సౌందర్య పోయి ముసుగు తొలగించింది.

చెంపల మీది ఎరుపు అలాగే ఉంది. దాని మీదికి మొహమంతా ఉబ్బి, కళ్ళు గీతల్లాగా మిగిలాయి. ఉంగరం దిగబడిపోయిన వేళ్ళతో సారమ్మ దండం పెట్టబోయింది.

"ఎప్పుడొచ్చిండ్రు?"

"మొదటి బస్సుకే వచ్చినం డాక్టరమ్మా," అన్నాడు నాగన్న. "మీద మాటలు వినొచ్చినయ్. ఇంటి మాటలల్ల ఎందుకని పిలవలే."

చప్పుడు లేకుండా పోట్లాడుకున్నామని అనుకున్నారు పైన.

సౌందర్య వేలితో సారమ్మ కాలి మీద నొక్కింది. వేలు తీశాక గుంట అలాగే ఉండిపోయింది. మొన్న శుక్రవారం ఇదే కాలు ఇదే అరుగు మీద ఉంది.

"హైదరాబాద్ పోదాం," అంది. "నేను గూడ వస్త. భయపడకుండ్రి."

"రిపోర్టొచ్చిందా?" అన్నాడు నాగన్న. "శుక్కురారం రాలేదంటివి."

"వచ్చింది."

"ఎప్పుడొచ్చిందమ్మా?"

వాడు తప్పు పట్టడానికి అడగలేదు. ఊరికే అడిగాడు. అందుకే ఆమె మళ్ళీ ఆ కాలి మీదికే వంగింది. అరుగు మీద జనమంతా ఆమె వైపే చూస్తున్నారు.

"ఇప్పుడే వచ్చింది నాగన్నా," అన్నాడు వెనక నుంచి భానుప్రకాశ్. "ఇప్పుడే ఫోనొచ్చింది. విన్న వెంబడే డాక్టరమ్మ కిందికి ఉరికొచ్చింది."

ఎంత తేలిగ్గా అన్నాడో! నాగన్న మొహం విప్పారింది. రెండు చేతులూ జోడించి సారుకు దండం పెట్టాడు. జనంలో ఎవరో "మన డాక్టరమ్మ గట్ల ఊకుంటదా" అన్నారు.

భానుప్రకాశ్ ఆమె పక్కకు వచ్చి నిలబడ్డాడు. ఆమెకు మాత్రమే వినిపించేలా, ఇందాక ఫోనులో ఉన్నంత మెత్తగా అన్నాడు.

"ఇవి నాకియ్యి. నువ్వు సారమ్మను చూసుకో, పేపరు సంగతి నేను చూసుకుంట."

చెయ్యి చాపి కాగితాల బొత్తి పట్టుకున్నాడు. సౌందర్యకు అంతా అర్థమైంది. అతను ఆమె పరువు కాపాడాడు. అందుకు బదులు ఏం కావాలో కూడా చెప్పేశాడు. ఆమె ఇప్పుడు నోరు మూసుకుంటే రేపు పేపరు పోయేటప్పుడు కూడా మూసుకోవాల్సిందే. నోరు తెరిస్తే ఈ ఊళ్ళో ఇంకెవరూ ఆమె అరుగెక్కరు.

బొత్తికి ఒక కొస ఇంకా ఆమె చేతిలోనే ఉంది.

సారమ్మ ఉబ్బిన రెప్పలు కష్టంగా ఎత్తింది. సారు వైపు చూడలేదు. డాక్టరమ్మ మొహంలోకే చూసింది.

"అవునా అమ్మా?" అంది. "నువ్వు జెప్తేనే నమ్ముత."